నిద్రమాత్రకు ముందు: నిద్ర జబ్బు ఏదో తేల్చుకుని వైద్యం చేయించుకునే పద్ధతి

"నిద్ర సరిగ్గా ఉండట్లేదు" అని డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్ళందరిదీ ఒకే జబ్బు కాదు. ఒకరికి పక్క మీద పడుకున్నా కన్ను మూతపడదు. ఇంకొకరు పడుకున్న ఐదు నిమిషాలకే గురక పెడతారు, అయినా పొద్దున లేచేసరికి ఒళ్ళు బరువుగా ఉంటుంది. మరొకరికి కాళ్ళు నిలవనివ్వవు. కొందరికి నిద్ర బాగానే పడుతుంది, కానీ తెల్లవారుజామున మూడింటికి. వీళ్ళందరికీ ఒకే నిద్రమాత్ర రాసివ్వడం మన దగ్గర మామూలైపోయింది. ఊపిరి ఆగుతూ గురక పెట్టేవాళ్ళకి మత్తుమాత్ర ఇస్తే గొంతు కండరాలు ఇంకా సడలుతాయి, ఊపిరి అందక మేలుకోవాల్సిన మెదడు ఆలస్యంగా మేలుకుంటుంది. కాళ్ళు లాగేవాళ్ళు మగతగా ఉంటుందని జలుబు మాత్ర వేసుకుంటే ఆ బాధ ఎక్కువవుతుంది. అందుకే వైద్యం కన్నా ముందు జబ్బు పేరు తేలాలి. అందులో సగం పని ఇంట్లోనే చేసుకోవచ్చు.

ముందుగా రెండు వారాల చిట్టా

ఒక నోటుపుస్తకం తీసుకోండి. రోజూ పొద్దున లేచాక ఇవి రాయండి: పక్క ఎక్కిన టైము, లైటు ఆర్పిన టైము, నిద్ర పట్టడానికి సుమారు ఎన్ని నిమిషాలు పట్టింది, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, మొత్తం ఎంతసేపు మేలుకుని ఉన్నారు, చివరిగా మెలకువ వచ్చిన టైము, పక్క దిగిన టైము. పగటి కునుకు, కాఫీ టీలు తాగిన వేళ, మందు తాగితే ఆ సంగతి, వేసుకున్న మాత్రలు కూడా చేర్చండి. నిమిషాలు ఉజ్జాయింపుగా ఉంటే చాలు. వాటికోసం రాత్రి గడియారం చూడకండి. టైము చూడటం, "ఇంకా నాలుగు గంటలే ఉంది" అని లెక్క వేసుకోవడం నిద్రలేమిని పెంచే అలవాట్లే.

చేతి గడియారం చూపించే "గాఢ నిద్ర" అంకెల మీద ఆధారపడకండి. అది మీ కదలికను, నాడిని బట్టి ఊహించి చెబుతుంది. కదలకుండా మేలుకుని ఉన్నా నిద్ర కిందే లెక్కేస్తుంది.

చిట్టాతో పాటు పగటి నిద్రమత్తును కూడా కొలవాలి. దీనికి ఎప్‌వర్త్ స్కేలు అనే ప్రశ్నావళి ఉంది. కూర్చుని చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, మీటింగులోనో సినిమాహాల్లోనో ఊరికే కూర్చున్నప్పుడు, గంటసేపు ఆగకుండా కారులో వెనక కూర్చుని వెళ్తున్నప్పుడు, మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు, ఎవరితోనో కూర్చుని మాట్లాడుతున్నప్పుడు, భోజనం చేసి (మందు తాగకుండా) ఊరికే కూర్చున్నప్పుడు, ట్రాఫిక్‌లో కొన్ని నిమిషాలు బండి ఆగినప్పుడు కునుకు పట్టే అవకాశం ఎంతో ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు వేసుకోవాలి. మొత్తం 24కి 10 దాటితే అది మామూలు అలసట కాదు.

మూడోది, అన్నిటికన్నా పనికొచ్చేది: పక్కన పడుకునేవాళ్ళ చేత ఫోన్లో వీడియో తీయించండి. రెండు మూడు నిమిషాలు చాలు, ఛాతీ, నోరు కనిపించాలి, శబ్దం వినిపించాలి. తెల్లవారుజామున తీస్తే మేలు. కలలొచ్చే నిద్ర ఆ వేళలోనే ఎక్కువ, ఊపిరి ఎక్కువసేపు ఆగేదీ అప్పుడే.

చిట్టా ఏం చెబుతుంది

పడుకోవడానికి తగినంత టైము ఉన్నా వారంలో 3 రాత్రులకు తక్కువ కాకుండా, 3 నెలలకు పైగా నిద్ర పట్టకపోవడమో మధ్యలో చెదిరిపోవడమో జరుగుతూ, పగటి పని దెబ్బతింటుంటే అది దీర్ఘకాలిక నిద్రలేమి. వీళ్ళు పగలు అలసిపోతారే గాని కూర్చున్నచోట కునుకు తీయలేరు. దీనికి పూర్తిగా ఎదురుగా, ఏడెనిమిది గంటలు పడుకున్నా పగలు తూగుతుంటే, గురక ఉంటే, ఊపిరి సంగతి చూడాలి. సెలవుల్లో తెల్లవారి మూడింటి నుంచి పదకొండింటి దాకా హాయిగా నిద్రపోయే కుర్రాడిది నిద్రలేమి కాదు, ఒంట్లో గడియారం వెనక్కి జరిగింది. ఇక రాత్రి పన్నెండింటికి పడుకుని ఐదున్నరకి క్యారియర్లు సర్దడానికి లేచే ఇల్లాలికి ఏ జబ్బూ లేదు, నిద్రకు టైము లేదు. ఆ లోటు ఏ మాత్రా పూడ్చదు.

వాడుతున్న మందుల చీటీ కూడా ఒకసారి చూడండి. సాయంత్రం వేసుకునే స్టెరాయిడ్లు, మోతాదు మించిన థైరాయిడ్ మాత్ర, ముక్కు దిబ్బడకు వాడే సూడోఎఫెడ్రిన్, రాత్రిపూట వేసుకునే నీరు తీసే మాత్ర, ఇవన్నీ నిద్ర చెడగొడతాయి. వేళ మారిస్తే సరిపోయే కేసులు ఉంటాయి, ఆ మార్పు డాక్టర్ని అడిగి చేయండి. తెల్లవారుజామునే మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టక, దేని మీదా ఆసక్తి లేకుండా ఉంటే డిప్రెషన్ ఉందేమో చూడాలి.

నిద్రలేమి: పక్క మీద గడిపే టైము తగ్గించడం

దీర్ఘకాలిక నిద్రలేమికి మొదటి వైద్యం మాత్ర కాదు, సీబీటీ-ఐ అనే ప్రవర్తనా చికిత్స. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు పెద్దవాళ్ళందరికీ ముందు దీన్నే సూచించాయి. "పడుకునే ముందు గోరువెచ్చని పాలు తాగండి, ఫోను చూడకండి" లాంటి సలహాలు మంచివే, కానీ ముదిరిన నిద్రలేమి వాటితో మాత్రమే తగ్గదు. సీబీటీ-ఐలో అసలు పని చేసేవి రెండు.

మొదటిది, పక్కకీ నిద్రకీ తెగిన ముడిని మళ్ళీ వేయడం. నిద్ర ముంచుకొస్తేనే పక్క ఎక్కాలి. ఒళ్ళు అలసిపోవడం వేరు, కళ్ళు మూతపడటం వేరు. సుమారు 20 నిమిషాల్లో నిద్ర పట్టకపోతే లేచి వేరే గదిలోకి వెళ్ళి, తక్కువ వెలుతురులో పాత పత్రిక చదువుతూనో బట్టలు మడతపెడుతూనో కూర్చోవాలి. నిద్ర వస్తే మళ్ళీ పక్క మీదికి. ఒకే గది ఇల్లయితే మంచం దిగి కుర్చీలో కూర్చున్నా చాలు. రాత్రి ఎలా గడిచినా పొద్దున లేచే టైము మారకూడదు, ఆదివారం సహా. పగటి కునుకు వద్దు.

రెండోది నిద్ర కుదింపు. ఇది వినడానికి వింతగా ఉంటుంది: నిద్ర పట్టనివాళ్ళని ఆలస్యంగా పడుకోమనడం. లెక్క ఇలా కట్టాలి. చిట్టా నుంచి రోజుకి సగటున పట్టిన నిద్రను, పక్క మీద గడిపిన టైముతో భాగించి 100తో హెచ్చవేయండి. పదింటికి పక్క ఎక్కి ఆరింటికి దిగుతున్నారు, అంటే 480 నిమిషాలు. అందులో నిద్ర 320 నిమిషాలు. 320ని 480తో భాగిస్తే సుమారు 67 శాతం. మంచి నిద్రకు ఇది 85 శాతానికి పైన ఉండాలి. ఇప్పుడు లేచే టైము ఆరింటికే ఉంచి, పక్క మీది టైముని నిద్రకు దగ్గరగా ఐదున్నర గంటలకు కుదించాలి. అంటే పన్నెండున్నరకి ముందు పక్క ఎక్కకూడదు. వారం తర్వాత మళ్ళీ లెక్క కట్టాలి. 330 నిమిషాల్లో 300 నిద్రపోతే 91 శాతం, కాబట్టి పడుకునే టైము 15 నిమిషాలు ముందుకు, పన్నెండుంబావుకి. 85 నుంచి 90 మధ్య ఉంటే ఇంకో వారం అలాగే ఉంచాలి. 85 కన్నా తగ్గితే 15 నిమిషాలు కోయాలి, కానీ ఎంత కోసినా ఐదు గంటలకు తక్కువ వద్దు.

ఇది ఎక్కువగా తప్పేది మొదటి పది రోజుల్లోనే. రాత్రి తొమ్మిదింటికే సోఫాలో కళ్ళు మూతపడి అరగంట కునుకు తీస్తారు, అంతవరకు కూడబెట్టిన నిద్రాకలి కాస్తా పోతుంది. ఆ వేళలో నడవండి, గిన్నెలు కడగండి, మాట్లాడండి, కూర్చోకండి. ఇంకో తప్పు, వారాంతంలో ఎనిమిదింటి దాకా పడుకోవడం. ఆ ఒక్క పొద్దు ఆదివారం రాత్రిని పాడుచేస్తుంది. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మూర్ఛ, బైపోలార్ జబ్బు, నిద్రలో నడిచే అలవాటు, వైద్యం మొదలుపెట్టని స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు) ఉన్నవాళ్ళు, లారీలు, బస్సులు నడిపేవాళ్ళు, యంత్రాల మీద పనిచేసేవాళ్ళు దీన్ని సొంతంగా చేయకూడదు. మొదటి వారాల్లో పగటి మత్తు పెరుగుతుంది.

కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటి కాఫీలో సగం రాత్రి పదకొండింటికి ఇంకా రక్తంలోనే ఉంటుంది. మధ్యాహ్న భోజనంతోనే కాఫీకి సెలవు చెప్పండి. రాత్రి పెగ్గు త్వరగా నిద్రపుచ్చుతుంది గాని రాత్రి రెండో సగంలో నిద్రను ముక్కలు చేస్తుంది.

గురక, స్లీప్ ఆప్నియా

నిద్రలో గొంతు గోడలు మూసుకుపోయి ఊపిరి 10 సెకన్లు, అంతకు పైన ఆగిపోవడం ఆప్నియా. గురక పెద్దగా సాగి, ఉన్నట్టుండి నిశ్శబ్దం, ఆ తర్వాత ఒక్కసారిగా ఎగశ్వాస, మళ్ళీ గురక: వీడియోలో ఈ వరుస కనబడితే అనుమానం బలపడుతుంది. పొద్దున తలనొప్పి, నోరు ఎండిపోవడం, రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేవడం, మూడు మందులు వాడుతున్నా దిగిరాని బీపీ కూడా గుర్తులే. రాత్రి మూత్రానికి లేవడాన్ని షుగరో ప్రోస్టేటో అనుకుని ఏళ్ళు గడిపేసేవాళ్ళు తక్కువేం కాదు.

ఈ ఎనిమిదిలో ఎన్నిటికి అవునో లెక్కపెట్టండి: తలుపు వేసినా వినిపించే గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఇంకొకరు చూడటం, బీపీ, బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే అంకె) 35 దాటడం, వయసు 50 దాటడం, మెడ చుట్టుకొలత మగవాళ్ళకి 17, ఆడవాళ్ళకి 16 అంగుళాలు లేదా అంతకు పైన, మగవాళ్ళు కావడం. రెండు లోపు అయితే ముప్పు తక్కువ. మూడు నాలుగైతే మధ్యస్థం. ఐదు, అంతకు పైనైతే పరీక్షకు ఆలస్యం చేయొద్దు. బీఎంఐ ప్రశ్న మనవాళ్ళ విషయంలో మోసం చేస్తుంది. దవడ చిన్నదైనా, మెడ, పొట్ట దగ్గర కొవ్వు చేరినా 25, 27 బీఎంఐకే ఆప్నియా రావచ్చు. "సన్నగానే ఉన్నాను కదా" అని కొట్టిపారేయకండి. నెలసరి ఆగిన తర్వాత ఆడవాళ్ళలోనూ ఇది పెరుగుతుంది. వాళ్ళలో గురక కన్నా నీరసం, నిద్ర పట్టకపోవడం ముందు కనిపిస్తాయి.

పరీక్ష రెండు రకాలు. ఇంటికి తెచ్చుకునే చిన్న యంత్రం ఊపిరి, ఛాతీ కదలిక, ఆక్సిజన్ చూస్తుంది. ల్యాబులో పడుకుని చేయించుకునేది మెదడు తరంగాలు, కాళ్ళ కదలిక కూడా నమోదు చేస్తుంది. గుండె వైఫల్యం, ఊపిరితిత్తుల జబ్బు, పక్షవాతం ఉన్నవాళ్ళకి ల్యాబు పరీక్షే కావాలి. ఇంటి పరీక్ష జబ్బును ఉన్నదానికన్నా తక్కువ చేసి చూపిస్తుంది. అది బాగుందని వచ్చినా లక్షణాలు గట్టిగా ఉంటే ల్యాబు పరీక్ష చేయించాలి.

ల్యాబుకి వెళ్ళే రోజు తలస్నానం చేసి వెళ్ళండి, నూనె రాసుకోకండి. నూనె తలకి వైర్లు అంటుకోవు, అర్ధరాత్రి ఊడిపోతే రికార్డింగు పాడవుతుంది. గోళ్ళరంగు తీసేయండి. వేళ్ళకి గోరింటాకు ఉంటే టెక్నీషియనుకి ముందే చెప్పండి, ఆక్సిజన్ చూసే క్లిప్పుకి రంగు అడ్డొస్తుంది. ఆ మధ్యాహ్నం నుంచి కాఫీ టీలు, కునుకు మానేయండి. రోజూ వేసుకునే మందులు డాక్టరు ఆపమంటే తప్ప ఆపకండి.

రిపోర్టులో మొదట చూడాల్సింది ఏహెచ్ఐ. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, సన్నబడిందో చెప్పే అంకె అది. 5 లోపు మామూలు, 5 నుంచి 15 తేలిక, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. దాని పక్కనే ఆక్సిజన్ ఎంత కిందికి పడిందో, ఎంతసేపు 90 శాతం కన్నా తక్కువగా ఉందో చూడండి. వెల్లకిలా పడుకున్నప్పటి అంకె, పక్కకి తిరిగినప్పటి అంకె వేరుగా ఇచ్చి, రెండోది బాగా తక్కువుంటే పక్కకి తిరిగి పడుకునే ఉపాయాలతోనే చాలావరకు మేలు జరగవచ్చు.

మధ్యస్థం, తీవ్రం అయితే సీప్యాప్ యంత్రమే ప్రధాన వైద్యం. ఆస్ట్రేలియాలో కాలిన్ సలివాన్ 1981లో దీన్ని వెలుగులోకి తెచ్చారు. మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతును తెరిచి ఉంచుతుంది. జబ్బు నయం చేయదు, పెట్టుకున్నంతసేపే పనిచేస్తుంది. చాలామంది రెండు వారాల్లో దాన్ని బీరువా మీదికి ఎక్కించేస్తారు. కారణాలు చాలావరకు సరిచేయదగ్గవే.

ఊపిరాడనట్టు భయమేస్తే, వారం రోజులు పగలు టీవీ చూస్తూ 20 నిమిషాలు పెట్టుకోండి. మొదట మాస్కు మాత్రమే, తర్వాత గాలితో. ఒత్తిడి నెమ్మదిగా పెంచే ర్యాంప్ సౌకర్యం వాడండి. మాస్కు పక్కల నుంచి గాలి కళ్ళలోకి కొడితే పట్టీలు బిగించేస్తుంటారు, అది తప్పు. బిగించేకొద్దీ మెత్త నలిగి ఇంకా లీకవుతుంది, ముక్కు మీద పుండు పడుతుంది. పడుకుని, గాలి ఆన్‌లో ఉండగా పట్టీలు సరిచేసుకోవాలి. దట్టమైన మీసం కూడా లీకుకి కారణమే. నోరు ఎండిపోతుంటే నోటి గుండా గాలి పోతోందని అర్థం, ముక్కు దిబ్బడకు వైద్యం చేయించాలి, లేదా నోటిని కూడా కప్పే మాస్కుకి మారాలి. ఏసీ గదిలో గొట్టంలో నీళ్ళు చేరి మొహాన పడుతుంటే గాలికి తడి చేర్చే హ్యూమిడిఫయర్ తగ్గించండి, గొట్టానికి గుడ్డ తొడుగు వేయండి. పొట్ట ఉబ్బరిస్తే ఒత్తిడి ఎక్కువైందేమో చూపించుకోవాలి. హ్యూమిడిఫయర్లో డిస్టిల్డ్ వాటర్ పోయాలి, బోరు నీళ్ళు పోస్తే సున్నం పేరుకుంటుంది. కరెంటు పోయే ఊళ్ళలో ఇన్వర్టరు మీద నడిపేటప్పుడు హ్యూమిడిఫయర్ ఆపేస్తే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. మాస్కు మెత్తను రోజూ తుడవాలి, గొట్టాన్ని వారానికోసారి సబ్బు నీళ్ళతో కడగాలి, ఫిల్టరు మార్చాలి.

పరీక్ష చేయించకుండా, ఒత్తిడి నిర్ణయించకుండా యంత్రం కొనకండి. వాడకం మొదలయ్యాక యంత్రం చూపించే ఏహెచ్ఐ 5 లోపు ఉండాలి. నాలుగు గంటల వాడకం బీమా కంపెనీల కొలమానం మాత్రమే, మీకు కావాల్సింది రాత్రంతా.

యంత్రం అసలు పడని తేలిక, మధ్యస్థ కేసుల్లో కింది దవడను ముందుకు లాగి ఉంచే పళ్ళ పరికరం పనిచేస్తుంది, దాన్ని దంతవైద్యులు కొలతలు తీసి చేయాలి. బరువు 10 శాతం తగ్గినా ఏహెచ్ఐ గణనీయంగా దిగుతుంది. ఊబకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్నవాళ్ళకి బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 డిసెంబరులో ఆమోదించింది. పిల్లలు రోజూ గురక పెడుతుంటే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాలి. వాళ్ళలో కారణం ఎక్కువగా టాన్సిల్స్, ఎడినాయిడ్సే. పగలు తూగరు, కుదురు లేకుండా ఉంటారు, అల్లరి అనుకుని తిట్లు తింటారు.

కాళ్ళు నిలవనివ్వకపోవడం

నాలుగు గుర్తులు కలిసి ఉండాలి: కాళ్ళు కదిలించాలన్న ఆపుకోలేని కోరిక, కూర్చున్నా పడుకున్నా పెరగడం, నడిస్తే తగ్గడం, సాయంత్రం నుంచి ఎక్కువ కావడం. పిక్కలు పట్టేసి గట్టిపడటం వేరు. షుగరు ఉన్నవాళ్ళకి అరికాళ్ళలో వచ్చే మంటలు, తిమ్మిర్లు వేరు, అవి నడిచినా తగ్గవు.

చేయించాల్సిన రక్తపరీక్ష ఫెరిటిన్, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది. హిమోగ్లోబిన్ బాగున్నా ఇది తక్కువుండొచ్చు. ల్యాబు రిపోర్టు 20 ఉన్నా "నార్మల్" అని చూపిస్తుంది, కానీ ఈ జబ్బులో 75 లేదా అంతకన్నా తక్కువుంటే ఐరన్ ఇస్తారు. పొద్దున పరగడుపున, అంతకు ముందు రోజు ఐరన్ మాత్ర వేసుకోకుండా రక్తం ఇవ్వాలి. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు అంకె దొంగగా పెరుగుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింట్లోనూ సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉంది. కాబట్టి ఈ పరీక్ష ఇక్కడ వృథా పోయేది కాదు. ఐరన్ మాత్రను నిమ్మరసంతో, టీ కాఫీలకు రెండు గంటలు ఎడంగా వేసుకోవాలి. మూడు నెలలకు మళ్ళీ పరీక్ష. పరీక్ష లేకుండా ఐరన్ మొదలుపెట్టకండి, తలసీమియా లాంటి జబ్బుల్లో ఒంట్లో ఇనుము పేరుకుపోయి హాని చేస్తుంది.

వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, మగత తెచ్చే అలర్జీ మాత్రలు, అమిట్రిప్టిలిన్ దీన్ని పెంచుతాయి. ఐరన్‌తో తగ్గకపోతే గాబాపెంటిన్, ప్రీగాబలిన్ వాడతారు. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ మొదట్లో అద్భుతంగా పనిచేస్తాయి, ఏళ్ళ తరబడి వాడితే బాధ మధ్యాహ్నానికే మొదలై చేతులకీ పాకుతుంది. అప్పుడు మోతాదు పెంచడం పొరపాటు, డాక్టరుతో మాట్లాడి మందు మార్చుకోవాలి.

గడియారం తప్పిన నిద్ర

రాత్రి మూడింటికి నిద్రపోయి పదకొండింటికి లేచేవాళ్ళని ఒక్కసారిగా ఆరింటికి లేపి ఎండలో నిలబెడితే పని బెడిసికొడుతుంది. ఒంటి ఉష్ణోగ్రత కనిష్ఠానికి చేరేది సహజంగా లేచే టైముకి రెండు మూడు గంటల ముందు. దానికన్నా ముందు వెలుతురు పడితే గడియారం ఇంకా వెనక్కి జరుగుతుంది, తర్వాత పడితే ముందుకొస్తుంది. కాబట్టి పదిన్నరకి లేచి అరగంట ఎండ, రెండు మూడు రోజులకోసారి ఇంకో అరగంట ముందుకి. ఒంటికి రాత్రయిందని తెలిపే హార్మోను మెలటోనిన్ 0.5 మిల్లీగ్రాములు చాలు, నిద్ర పట్టే వేళకి నాలుగైదు గంటల ముందు వేసుకోవాలి. పడుకునే ముందు 10 మిల్లీగ్రాములు మింగడం దీన్ని నిద్రమాత్ర అనుకోవడం వల్ల వచ్చిన అలవాటు.

హైదరాబాదులో అమెరికా షిఫ్టు చేసేవాళ్ళు కాఫీ షిఫ్టు మొదటి సగంలోనే తాగాలి. ఇంటికి చేరాక కిటికీలకు మందపాటి తెరలు, ఫోను సైలెంటు. సెలవు రోజుల్లో పూర్తిగా పగటి మనిషిగా మారిపోకుండా, తెల్లవారి మూడు నాలుగింటికైనా పడుకుంటే సోమవారం కష్టం తగ్గుతుంది. తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు మీద సొంతంగా కారు నడపడం కన్నా క్యాబ్ మేలు. కిటికీ అద్దం దించడం, పాటలు పెంచడం నిద్రను ఆపవు. కారు ఆపి 20 నిమిషాల కునుకు తీయడమే పనిచేస్తుంది.

ఇవి వేరే దారి

మెలకువ వచ్చినా ఒళ్ళు కదలక, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించడం నిద్ర పక్షవాతం. దయ్యం కాదు, హాని లేదు. నిద్ర చాలనప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువ. యాభై దాటినవాళ్ళు కలలో కొట్లాడుతూ నిజంగానే చేతులు విసురుతుంటే మాత్రం న్యూరాలజిస్టుకి చూపించాలి, కొందరిలో ఇది ఏళ్ళ తర్వాత వచ్చే పార్కిన్సన్‌కి ముందు సూచన. నవ్వినప్పుడు మోకాళ్ళు సడలిపోయి, పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొస్తుంటే నార్కోలెప్సీ అనుమానించాలి.

మాత్రలకు ఇప్పటికే అలవాటుపడితే

ఆల్ప్రాజోలం, క్లోనాజెపాం, జోల్పిడెం మాత్రలను మన దేశంలో డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. నెలల తరబడి రోజూ వాడుతుంటే ఒక్కసారిగా మానకండి. చెమటలు, వణుకు, మతిభ్రమ, ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం చొప్పున, డాక్టరు చూస్తుండగా తగ్గించాలి. ఈ తగ్గింపుతో పాటు సీబీటీ-ఐ నడిస్తే మానడం తేలికవుతుంది. తగ్గించిన మొదటి రాత్రులు నిద్ర ఇంకా చెడుతుంది, దాన్ని పాత జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్ళీ మాత్ర అందుకోకూడదు.

తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం కలిపే అలవాటు ఉంది కాబట్టి, మాత్ర ఎప్పుడూ మింగనివాళ్ళకి కూడా ఈ ప్రమాదం వస్తుంది. రోజూ కల్లు తాగే మనిషి రెండు మూడు రోజులు మానేసరికి నిద్ర లేక, వణుకుతూ, పొంతన లేని మాటలు మాట్లాడుతుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కల్లు ఎప్పటినుంచి ఆగిందో మొదటి మాటగా డాక్టరుకి చెప్పండి, దాన్ని బట్టే ఏ మందు ఇవ్వాలో తేల్చుకుంటారు.